అద్దం వెనక అమ్మ

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదన్నారు పెద్దలు. డాక్టర్ హైమవతి ఆ సామెతను పదకొండు నిమిషాల్లో అబద్ధం చేసింది.

కంచరపాలెం లారీ డ్రైవర్ పైడిరాజు పద్దెనిమిదేళ్లుగా ఖైనీ నములుతున్నాడు. పెళ్లాం ఏడ్చింది, డాక్టర్లు కాన్సర్ బొమ్మలు చూపించి భయపెట్టారు, సింహాచలం అప్పన్న మీద ఒట్టు కూడా వేశాడు. ఒట్టు గట్టున పెట్టి మళ్లీ నమిలాడు. హైమవతి అతణ్ని కుర్చీలో కూర్చోబెట్టి, నెత్తిన హెల్మెట్ లాంటి టోపీ పెట్టి, "కానివ్వండి, నమలండి" అంది. నమిలాడు. ఆ మత్తు తలకెక్కబోయే క్షణాన టోపీ టక్కుమంది. ఎక్కలేదు. ఉమ్మించి మళ్లీ నమలమంది. మళ్లీ టక్కుమంది. అలా నలభై సార్లు. ఆ తర్వాత పొట్లం చేతికిస్తే, ఎవరిదో వస్తువు తన దగ్గరికొచ్చినట్టు చూసి పక్కన పెట్టేశాడు. పదిరోజుల తర్వాత మాడుగుల హల్వా డబ్బాతో వచ్చి ఆమె కాళ్ల మీద పడబోయాడు.

ఆమె కనిపెట్టినది వినడానికి చిన్న విషయమే. ఏ ప్రాణి ఏ పని నేర్చుకున్నా చివర ఏదో దక్కుతుందన్న ఆశతోనే నేర్చుకుంటుంది. ఆశపడ్డది దక్కకపోతే మెదడుకి చిన్న దెబ్బ తగులుతుంది. ఆ దెబ్బ చిన్నది కాబట్టే గాలం వేసి కూర్చున్నవాడు చేప పడకపోయినా మర్నాడు మళ్లీ వస్తాడు. హైమవతి టోపీ ఆ దెబ్బను వెయ్యి రెట్లు చేస్తుంది. పాత పద్ధతుల్లో మాన్పించిన అలవాటు నెలకో రెణ్నెల్లకో మళ్లీ లేచి కూర్చునేది. ఈమె మాన్పించింది లేవదు. "ఒకసారి పోతే ఇంక రాదు" అని మీటింగుల్లో బల్ల గుద్ది చెప్పేది.

విశాఖలో సముద్రం కనబడే కొండ మీద ఉంది ఆ ల్యాబు. యంత్రానికి కాగితాల మీద బారెడు పేరుంది గానీ, అందరూ దాన్ని రాదు పెట్టె అనేవాళ్లు. ఆ పేరు పెట్టింది ఎలుకల గది చూసుకునే సోములమ్మ. ఇరవై రెండేళ్లుగా ఎలుకలకు మేత వేస్తున్న మనిషి. మొదట్లో పెట్టె ప్రయోగాలన్నీ ఎలుకల మీదే జరిగాయి. మీట నొక్కితే గిన్నెలోకి గింజ పడుతుందని నేర్చుకున్న ఎలుకల చేత ఆ మీట నొక్కడం మాన్పించేవాళ్లు.

ఒకరోజు సోములమ్మ చీర కొంగుకి చేతులు తుడుచుకుంటూ హైమవతి గదిలోకి వచ్చింది.

"అమ్మా, ఆ పదిహేడో నెంబరుది గిన్నిలో ఏస్తే తినడం నేదు. నేల మీద సల్లితే తింటంది."

"మీట నొక్కడం మానేసిందా?"

"మానీసింది. నాను సెప్పేది అది కాదమ్మా..."

"మానేసింది కదా సోములమ్మా, మనకి కావలసింది అదే" అని హైమవతి కంప్యూటర్ వైపు తిరిగింది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం. సోములమ్మ, చెప్పడం వరకే తన పని, వినడం వినకపోవడం ఆవిడిష్టం అనుకుని వెళ్లిపోయింది.

హైమవతికి ఆరేళ్ల కూతురుంది. పేరు తరళ. తండ్రి ఓడలో ఇంజనీరు. ఆరు నెలలు నీళ్ల మీద, రెండు నెలలు ఇంట్లో. పిల్ల నానమ్మ వరహాలమ్మ చేతిలో పెరుగుతోంది. ఆ పిల్లకి జుట్టు పీక్కునే అలవాటు పట్టుకుంది. నడినెత్తిన ఒక్కొక్క వెంట్రుకా చుట్టి లాగేది. అరచేయంత మేర నున్నగా అయిపోయింది. వరహాలమ్మ తనకి తెలిసిన వైద్యం చేసింది. సింహాచలం తీసుకెళ్లి గుండు చేయించింది. నెల్లాళ్లు ఇల్లు చల్లగా ఉంది. ఆ తర్వాత పిల్ల కనురెప్పల వెంట్రుకలు పీకడం మొదలుపెట్టింది. నెత్తి మీద జుట్టు మొలవగానే మళ్లీ అక్కడికొచ్చింది.

ఆ ఇంట్లో సాయంత్రాలు ఎలా ఉండేవో చెబితే గానీ మిగతా కథ అర్థం కాదు. హైమవతి ఏడున్నరకి వచ్చి, కాళ్లు కడుక్కుని, సోఫాలో లాప్‌టాప్ తెరిచేది. తరళ ఎదురుగా చాప మీద బొమ్మలు వేసుకుంటూ ఉండేది.

"అమ్మా, ఇది చూడు."

"ఒక్క నిమిషం నాన్నా."

"అమ్మా, నాన్న ఓడకి కిటికీలు ఎన్ని పెట్టాలి?"

"ఉండమ్మా, ఒక్క నిమిషం."

మూడోసారి పిల్ల పిలిచేది కాదు. చెయ్యి నెత్తి మీదికి వెళ్లేది. అంతే, హైమవతి లాప్‌టాప్ పక్కన పడేసి ఒక్క ఉదుటున వచ్చి, ఆ చేతులు రెండూ పట్టుకుని, పిల్లని ఒళ్లోకి లాక్కుని, "వద్దు బంగారం, వద్దు తల్లీ" అంటూ ముద్దులు పెట్టేది. అరగంట సేపు ఒళ్లోంచి దించేది కాదు.

లోకంలో ఎలుకలు మీట ఎందుకు నొక్కుతాయో చెప్పి పేరు తెచ్చుకున్న మనిషికి, తన ఇంట్లో మీట ఏదో, గింజ ఏదో కనబడలేదు.

దీనికి మందు లేకపోలేదు. మందు ఆమే రాసింది. పెట్టెలో ఎవరినైనా కూర్చోబెట్టే ముందు రెండు వారాలు బయటివాళ్లెవరో ఒకరు ఆ ఇంటికి వెళ్లి, ఆ అలవాటు చివర ఏం దక్కుతోందో చూసి రాయాలి. ఇంటివాళ్లు రాసింది చెల్లదు, ఎందుకంటే ఇంటివాళ్లు తాము చేసేది తాము చూసుకోలేరు. ల్యాబులో దీన్ని పరాయి కన్ను అంటారు. పైడిరాజుకి ఆ రిపోర్టు ఉంది. అతని తర్వాత వచ్చిన ముప్పై మందికీ ఉంది.

తరళను ల్యాబుకి తీసుకొచ్చిన రోజు, పెట్టె నడిపే కుర్రస్కాలర్ సిరాజ్ ఫైలు తిరగేసి తల గోక్కున్నాడు.

"మేడమ్, పరాయి కన్ను రిపోర్టు లేదు."

"అక్కర్లేదు. నేను రాశాను చూడు."

అందులో ఒక్క ముక్కే ఉంది. 'చివర దక్కేది: చేతికి హాయి.'

"మేడమ్, రూలు ప్రకారం ఒకసారి..."

"సిరాజ్, ఆ రూలు రాసింది నేను. నా కూతురి సంగతి నాకు ఇంకొకరు వచ్చి చెప్పాలా? నెత్తిన పుండు పడుతోంది దానికి. మొదలుపెట్టు."

సిరాజ్ ఫైలు మూసేశాడు. గైడుకి ఎదురు చెప్పి పీహెచ్‌డీ తెచ్చుకున్నవాడు ఎక్కడా లేడు.

పిల్లని కుర్చీలో కూర్చోబెట్టారు. టోపీ పెద్దదైతే చుట్టూ దూది కుక్కారు. ఎదురుగా పెద్ద గాజు అద్దం, దానికి అవతల హైమవతి. పిల్ల భయపడకుండా అమ్మ కనబడాలని ఆమే అలా నిలబడింది. రూలు ప్రకారం అవతలివాళ్లు కదలకూడదు, నవ్వకూడదు, పలకకూడదు.

"చెయ్యి ఎక్కడికి వెళ్లాలంటే అక్కడికి వెళ్లనీ అమ్ములూ, ఇవాళ ఎవరూ తిట్టరు" అన్నాడు సిరాజ్.

తరళ కాసేపు కాళ్లు ఊపుతూ కూర్చుంది. తర్వాత టోపీ అంచు కింద వేళ్లు దూర్చి ఒక వెంట్రుక లాగింది. లాగి, అద్దంలోంచి అమ్మ వైపు చూసింది. అమ్మ కదల్లేదు. టోపీ టక్కుమంది.

మళ్లీ లాగింది, మళ్లీ చూసింది. టక్కు.

పదోసారికి పిల్ల పెదవి వణికింది. హైమవతి కాలు కదపలేదు. కదిపితే ప్రయోగం పాడవుతుంది. ఇరవై రెండోసారికి పిల్ల చూపు అద్దం దాకా వచ్చి మధ్యలో ఆగిపోయింది. ముప్పై ఐదోసారికి అద్దం వైపు తిరగనే లేదు. కంప్యూటర్ తెర మీద, పిల్ల ఆశని కొలిచే గీత మెట్లు దిగినట్టు దిగుతోంది. నలభయ్యోసారి పిల్ల చెయ్యి తలదాకా లేచి, ఏదో మర్చిపోయినట్టు ఒళ్లో పడిపోయింది.

హైమవతి కళ్లనీళ్లు పెట్టుకుంది, సంతోషంతో. తలుపు తోసుకుని లోపలికి పరిగెత్తి పిల్లని ఎత్తుకుంది. తరళ ఎత్తుకోనిచ్చింది. మెడ చుట్టూ చేతులు మాత్రం వెయ్యలేదు. అలిసిపోయిందనుకుంది.

నెలలో నెత్తి నల్లబడింది. వరహాలమ్మ కొబ్బరి నూనె రాసి, రెండు చిన్న పిలకలు వేసి, వీధిలో అందరికీ చూపించింది. "మా కోడలు సేసింది. దేవుడు కూడా సెయ్యలేనిది సేసింది" అని మురిసింది.

హైమవతికే ఏదో వెలితిగా ఉండేది, ఏమిటో అంతుపట్టేది కాదు. సాయంత్రాలు పిల్ల "అమ్మా, ఇది చూడు" అనడం మానేసింది. మొదటి వారం అది ఆమెకి సుఖంగానే ఉంది. తర్వాత ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా తన మీద తనకే అసహ్యం వేసేది. రెండు కాన్ఫరెన్సు పేపర్లు ఆ వారంలోనే పూర్తి చేసింది.

ఒక ఆదివారం తరళ అపార్ట్‌మెంటు సెల్లారులో సైకిలు తొక్కుతోంది. హైమవతి అక్కడే స్తంభం పక్కన ఫోన్ మాట్లాడుతూ నిలబడి ఉంది. పిల్ల మలుపులో జారి పడింది. మోకాలు చీరుకుపోయి రక్తం కారింది. పిల్ల ఏడుస్తూ లేచింది. రెండడుగుల దూరంలో తల్లి వంగి చేతులు చాచి ఉంది. తరళ ఆ చేతుల పక్కనుంచి నడిచి, కుంటుకుంటూ మూడంతస్తులు ఎక్కి, "నానమ్మా" అని తలుపు కొట్టింది.

కోపం కాదు. కోపమైతే బతిమాలుకోవచ్చు. పిల్ల చూపులో కోపం లేదు, భయం లేదు. సెల్లారులో స్తంభాల పక్కనుంచి వెళ్లినట్టే తల్లి పక్కనుంచి వెళ్లింది.

ఆ రాత్రి తండ్రి ఫోన్ చేస్తే మోకాలి కట్టు చూపించి గంటసేపు కబుర్లు చెప్పింది. నానమ్మ పక్కన పడుకుంది. హైమవతి పిలిస్తే వచ్చింది, అన్నం తినమంటే తింది, స్కూల్లో ఏం చెప్పారంటే చెప్పింది. అడగనిది ఒక్కటీ చెప్పలేదు.

"అత్తయ్యా, ఇది నా దగ్గరికి ఎందుకు రావట్లేదు?"

వరహాలమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తలెత్తకుండా అంది: "ఏటని సెప్పనే? అది జుట్టు పీకితేనే గదా నువ్వు లగెత్తుకొచ్చేదానివి. ఆ పీకుడు పోయింది. నీ కాడికి రావాలన్న యావా దాంతోటే పోయినట్టుంది. నాకేటి తెల్సు, సదువుకున్నదానివి నువ్వు."

హైమవతి మర్నాడు పొద్దున్నే నేరుగా ఎలుకల గదికి వెళ్లింది.

"సోములమ్మా, ఆ పదిహేడో నంబరు బతికే ఉందా?"

సోములమ్మ పంజరం దించి బల్ల మీద పెట్టింది. గిన్నెలో గింజలు వేసింది. ఎలుక గిన్నె దాకా వచ్చి, వాసన కూడా చూడకుండా దాటిపోయింది. అవే గింజలు నాలుగు నేల మీద వేసింది. ఎలుక గబగబా తినేసింది.

"ఎన్నాళ్లనుంచి ఇలా?"

"మీరు పెట్టిలో కూకోబెట్టిన కాణ్ణించి. గిన్ని దానికి అగుపిస్తాదమ్మా. అందులో తనకేటైనా ఉందంటే మటుకు నమ్మదు. నాను అప్పుడే సెప్పినాను, మీరు రాసుకోనేదు."

హైమవతి ఆ గిన్నె వైపు చాలాసేపు చూసింది. పెట్టె మీటని చంపదు. గింజ ఇచ్చే గిన్నెని చంపుతుంది. పైడిరాజుకి ఖైనీ మత్తు చచ్చిపోయింది, మంచిదే. తరళకి చచ్చిపోయింది అమ్మ. నలభై సార్లు చెయ్యి ఎత్తిందా పిల్ల, నలభై సార్లూ అమ్మ రాలేదు, ఒక్కొక్కసారి వెయ్యిసార్లు రానట్టు. ఆ లెక్క ఆమెకి ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

"సిరాజ్, దీన్ని తిరగేసి నడపగలమా?" అని అడిగింది. కుర్రాడు వారం రోజులు తల బద్దలు కొట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"పెట్టెకి రాదు అని చెప్పడమే వచ్చు మేడమ్. వస్తుంది అని చెప్పడం రాదు. దానికి మీరు నిజంగా రావాలి. ఎన్నోసార్లు."

పుట్టిన రోజునుంచీ పిల్ల ఏడిస్తే తాను వెళ్లింది. అర్ధరాత్రి పాలకి వెళ్లింది, జ్వరానికి వెళ్లింది, ఉయ్యాలలో ఉలిక్కిపడితే వెళ్లింది. అలా వెయ్యిసార్లు వెళ్తే పిల్లకి అమ్మ వస్తుందని తెలిసింది. ఇప్పుడు ఆ పిల్ల ఏడవదు. ఏడ్చినా తనకోసం ఏడవదు. పిలవని చోటికి వెళ్తే అది రావడం ఎలా అవుతుంది?

ల్యాబు డైరెక్టరుకి అంతా రాసి ఇచ్చింది. ఆయన చదివి, కళ్లద్దాలు తీసి, నెమ్మదిగా అన్నాడు: "చాలా బాధాకరం అమ్మా. కానీ పరాయి కన్ను లేకుండా చేసింది మీరే. రూలు పాటించిన ముప్పై ఒక్క కేసుల్లో ఏ తేడా లేదు కదా." రూలు మంచిదే. ఆమే రాసింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, తనకి తెలిసిన విద్యంతా బయటికి తీసింది. తరళకి నువ్వుల జీళ్లంటే ప్రాణం. డబ్బా నిండా కొని సోఫా పక్కన పెట్టుకుంది. పిల్ల తన వైపు చూస్తే ఒక జీడి. దగ్గరికి వస్తే రెండు. "అమ్మా" అంటే మూడు. ల్యాబులో ఎలుకకి ఎలా నేర్పుతారో అచ్చం అలాగే. పిల్ల తెలివైనది, మూడు వారాల్లో నేర్చేసుకుంది. రోజూ ఏడున్నరకి వచ్చి, "అమ్మా" అని చెయ్యి చాపేది.

ఒకరోజు డబ్బా ఖాళీ అయింది. తరళ "అమ్మా" అని వచ్చి, డబ్బాలో తొంగి చూసి, చాప మీదికి వెళ్లిపోయింది. మర్నాడూ అంతే. మూడోరోజు ఆ మాట కూడా అనలేదు. హైమవతి మళ్లీ జీళ్లు కొనలేదు. ఆ పిలుపు ఎవరిని పిలుస్తోందో ఆమెకి బాగా తెలుసు.

లాప్‌టాప్ ఇంటికి తేవడం మానేసింది. నాలుగింటికల్లా వచ్చేసేది. సోఫాలో ఊరికే కూర్చుని, చాప మీద బొమ్మలేసుకునే పిల్లని చూస్తూ ఉండేది. ఇంత తీరిక ఆ పిల్ల ఒకప్పుడు అడిగింది, అడిగి అడిగి నెత్తి గుల్ల చేసుకుంది.

నాలుగు నెలలు గడిచాయి. ఒక పొద్దున సోఫా దిండు దులుపుతుంటే నాలుగైదు పొడుగాటి వెంట్రుకలు కనిపించాయి. కుదుళ్లతో సహా ఊడినవి. హైమవతి వాటిని ఏరి చేతిలోకి తీసుకుంది, సంతోషంతో. తిరిగి వచ్చింది! ఒకసారి పోతే ఇంక రాదని బల్ల గుద్ది చెప్పినదంతా అబద్ధమైపోయింది. తన పదేళ్ల పని బూడిదలో కలిసినా ఫర్వాలేదు. పీకుడు తిరిగొచ్చిందంటే, దాని వెనకే అమ్మా తిరిగొస్తుంది. నుదురు చెక్కలయ్యేలా అప్పన్నకి మొక్కాలనిపించింది.

స్కూలుకి తయారవుతున్న పిల్ల దగ్గరికి పరిగెత్తింది. పాపిటలు విడదీసి చూసింది. నూనె రాసిన జుట్టు ఒత్తుగా, నల్లగా, ఎక్కడా ఒక్క వెలితి లేకుండా ఉంది. తరళ కదలకుండా నిలబడింది, బార్బరుకి తల అప్పగించినట్టు.

"ఎక్కడమ్మా? ఎక్కడ పీక్కున్నావు? చెప్పు తల్లీ, తిట్టను."

"నేను పీక్కోలేదు" అంది తరళ.

వరహాలమ్మ వచ్చి కోడలి చేతిలో వెంట్రుకలు తీసుకుని వెలుగులో పెట్టి చూసింది. సగం దాకా తెల్లగా ఉన్నాయి.

"ఇవి నీవేనే" అంది మెల్లిగా. "నీ నెత్తి అద్దంలో సూసుకున్నావా? మూణ్ణెల్లబట్టి సూస్తన్నాను. సెప్తే బాదపడతావని సెప్పనేదు."

హైమవతి అద్దం ముందు నిలబడింది. కుడి చెవికి పైన చింతగింజంత మేర నున్నగా ఉంది. అక్కడ వేలు పెట్టగానే, ఆ వేలికి దారి తెలుసన్న సంగతి ఆమెకీ తెలిసింది.

ఎప్పుడు మొదలైందో కూడా గుర్తొచ్చింది. జీళ్లు మానేసిన కొత్తలో ఒక సాయంత్రం సోఫాలో కూర్చుని తెలియకుండా ఒక వెంట్రుక చుట్టి లాగింది. అప్పుడు చాప మీద తరళ తలెత్తింది. తలెత్తి అమ్మ చేతి వైపు, తర్వాత అమ్మ ముఖం వైపు చూసింది. ఒక్క క్షణం. ఎందుకు చూసిందో తెలియదు. ఏ చప్పుడుకో అయి ఉండొచ్చు. మళ్లీ బొమ్మలో పడిపోయింది. ఆ తర్వాత ఇంకెప్పుడూ చూడలేదు.

సంగతి విని సిరాజ్ సాయంత్రం ఇంటికి వచ్చాడు. కాఫీ గ్లాసు పట్టుకుని తాగకుండా కూర్చున్నాడు.

"మేడమ్, మీరు పెట్టెలో కూర్చుంటానంటే పరాయి కన్ను నేనే రాస్తాను. రూలు ప్రకారమే చేద్దాం. పదకొండు నిమిషాలు. మీకీ బాధ ఉండదు."

"బాధ పోతే ఏం పోతుందో తెలుసా సిరాజ్?"

అతను తల దించుకున్నాడు. తెలుసు.

"దానికి నేను అక్కర్లేదు. నాకు కూడా అది అక్కర్లేకపోతే ఈ ఇంట్లో దాని వైపు చూసేవాళ్లలో ఒకరు తగ్గిపోతారు. వద్దులే. నువ్వు కాఫీ తాగు."

"అలవాటు దానంతట అదే పోవచ్చు మేడమ్. ఏమీ దక్కకపోతే కొన్నాళ్లకి..."

హైమవతి నవ్వింది. మొదటి సంవత్సరం పిల్లలకి ఆమే చెప్పే పాఠం అది. నొక్కిన ప్రతిసారీ గింజ పడే మీటని, గింజ ఆగిపోగానే ఎలుక మర్చిపోతుంది. ఎప్పుడో ఒక్కసారి పడిన మీటని మాత్రం వదలదు. చచ్చేదాకా నొక్కుతూనే ఉంటుంది.

సిరాజ్ వెళ్లిపోయాడు. వరహాలమ్మ వంటింట్లో పప్పు రుబ్బుతోంది. తరళ చాప మీద బోర్లా పడుకుని నాన్న ఓడకి కిటికీలు పెడుతోంది. పెదవులు కదుపుతూ తనలో తనే లెక్కపెట్టుకుంటోంది. ఎన్ని పెట్టాలో ఎవరినీ అడగలేదు.

హైమవతి ఎదురుగా కూర్చుంది. చెయ్యి కుడి చెవి పైకి వెళ్లింది. ఒక వెంట్రుక చుట్టి, లాగి, పిల్ల వైపు చూసింది.

తరళ తలెత్తలేదు.

హైమవతి ఇంకో వెంట్రుక పట్టుకుంది.